బురుజు గొంతులో ఖమర్‌బీ

పొరుగింటి ఖదీజమ్మను ఎడమ పక్కకు ఒత్తిగిలబెట్టి తడిగుడ్డతో వీపు తుడుస్తోంది ఖమర్‌బీ. మంచం పట్టిన మనిషిని తిప్పడం అందరికీ చేతకాదు. చెయ్యి పట్టి లాగితే కీలు నొస్తుంది, నడుం పట్టి ఎత్తితే ఊపిరాడదు. ఖమర్‌బీ ముందు భుజం తిప్పుతుంది, ఆ వెనక తుంటి, ఆఖరున కాలు. రోకళ్లలాంటి ఆ చేతులకు అంత మెత్తదనం ఎక్కడిదో చూసేవాళ్లకు అంతుపట్టదు.

"ఏమ్మే, ఈరోజేనా పోయేది?" అంది ఖదీజమ్మ, గోడవైపు తిరిగే.

"ఈరోజే అక్కా."

"ఆ గొంతులో దూరుతావా నువ్వు? పీపాయి మాదిరి ఉండావు."

"మంచంలో పడినా నీ నోరు పడల్యా."

ఖదీజమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక ఖమర్‌బీ చెయ్యి పట్టుకుని, "నన్ను నువ్వే కడగల్ల. వేరే ఎవుతన్నా చెయ్యేసిందంటే లేచి కూచుంటా, చెప్తాండా" అంది.

ఈ మాట ఆమె నెల రోజులుగా చెబుతూనే ఉంది. ఖమర్‌బీ నెల రోజులుగా జవాబు చెప్పకుండానే ఉంది. ఈరోజు మాత్రం "అట్లనే లే" అని రవిక సర్ది, దుప్పటి కప్పి లేచింది.

ఖమర్‌బీ పగలు శనక్కాయల మిల్లులో గింజలు ఏరుతుంది. ఆ పని చేసేవాళ్లు జమ్మలమడుగులో బోలెడుమంది, అందులో ఆమె ఒకతె. కానీ తమ సాయబుల వీధిలో ఆడమనిషి ఎవరైనా కన్నుమూస్తే పిలుపు ఆమెకే వచ్చేది. పోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం ఆడవాళ్లే చేయించాలి. రేగాకు వేసి నీళ్లు కాచాలి. పలక మీద పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, ఆ గుడ్డ కిందనే చెయ్యి పోనిచ్చి కడగాలి. కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత, ఆఖరి చెంబులో కర్పూరం. ఇదంతా అత్త దగ్గర నేర్చుకుంది. బతికినోళ్లకు సిగ్గు దాచుకోను చేతులుంటాయి, చచ్చినోళ్లకు మన చేతులే దిక్కు అనేది ఆ అత్త. ఖమర్‌బీ ఆ మాట మరిచిపోలేదు. మొగుడు అలీ అహ్మద్ బండల గనిలో దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. పిల్లల్లేరు. మిల్లు, ఇల్లు, ఎప్పుడైనా ఒక చావు. ఇదీ ఆమె బతుకు. అయితే ఒకటి, ఖమర్‌బీ కడిగితే మనిషి నిద్రపోతున్నట్టే ఉంటుందని వీధి వీధంతా అనేది. ఆ మాట చెవిన పడిన రోజు ఆమె ఒక ముద్ద ఎక్కువ తినేది. తినొద్దూ మరి!

పోయినేడు ఆ మాట కాస్తా పోయింది.

దర్జీ గఫూర్ సాయబు భార్య హలీమాబీ పోయినప్పుడు కడిగింది ఖమర్‌బీనే. కఫన్ గుడ్డ చుట్టి, కడచూపుకు ముఖం తెరిచారు. అప్పుడు చూసింది కూతురు సకీనా, తల్లి ముక్కుకు ఎర్రరాయి పుడక లేదని. ఇంట్లో ఎవరినడిగినా తీయలేదన్నారు. "కడిగింది నువ్వే, చెయ్యి పెట్టింది నువ్వే" అని శవం దగ్గరే కేక పెట్టింది సకీనా. నిజానికి ఖమర్‌బీ గుడ్డ కప్పేటప్పటికే ముక్కు బోసిగా ఉంది. ఇంటివాళ్లు ముందే తీసిపెట్టి ఉంటారు, అది వాళ్ల పని కదా అనుకుని ఆమె అడగలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నమ్మేదెవరు? శవం మీది సొమ్ము తీసిందంటే అంతకంటే నీచం ఇంకేముంది! మిల్లులో పక్కన కూర్చునేవాళ్లు సద్దిమూటలు అవతలికి జరుపుకున్నారు. వీధిలో మరో చావు వస్తే ముద్దనూరు నుంచి ఎవరినో పిలిపించారు. కాన్పులో పోయిన ఒక పడుచుపిల్లను ఆ ముద్దనూరు ఆమె కడుగుతుంటే ఖమర్‌బీ వాకిట్లో నిలబడి, లోపల చెంబు చప్పుడు వింటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"తప్పు చేయకుంటే సత్తెం బురుజు ఎక్కి దిగమను" అంది సకీనా.

పెన్నకు అవతల, గుండ్లమిట్ట అనే చోట ఉంది ఆ బురుజు. నల్లరాతి బురుజు, చుట్టూ బోడిమిట్ట, తుమ్మచెట్లు. ఎవరు కట్టించారని ముగ్గురిని అడిగితే నాలుగు కథలు చెబుతారు. పాళెగాని తమ్ముడు శత్రువులతో చేతులు కలిపి, లేదని బొంకి ఎక్కితే, మెట్లదారి రెండు గోడలూ దగ్గరికొచ్చి నలిపేశాయంటారు రెడ్లు. కాదు, లోపల కూర్చున్న ఫకీరును అబద్ధపు సాక్ష్యంతో పట్టించినవాడిని గోడలు పట్టేశాయంటారు సాయబులు. ఏదైతేనేం, దారి మధ్యలో ఒకచోట రాళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఇరుకుగా ఉంటుంది. దాన్ని గొంతు అంటారు. నిజం చెప్పేవాడిని గొంతు వదులుతుంది, బొంకేవాడిని పట్టేస్తుంది. పైకెక్కి, ముఖం చూపించి, పేరు చెప్పి ప్రమాణం చేసి దిగితే ఇక ఆ మనిషిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. ప్రొద్దుటూరు నుంచీ, పులివెందుల నుంచీ, అక్కడ లింగాల నుంచీ కూడా తగాదాలు బండ్లు కట్టుకుని వచ్చేవి. ఆ గొంతులోంచి ఎంతమంది బక్క దొంగలు సులువుగా జారిపోయి మహాత్ములై దిగారో ఆ దేవుడికే ఎరుక! రాజధాని కర్నూలు వదిలి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు పోయింది గానీ, ఈ నమ్మకం మాత్రం మిట్ట దిగలేదు.

ఖమర్‌బీ ఏడాదిగా ఎక్కనంటూ వచ్చింది. దొంగతనం చేసి కాదు. లావు మనిషి. ఇరుక్కుంటుందని భయం. ఇరుక్కుంటే ఒళ్లు లావని ఎవరంటారు? దొంగ అనే అంటారు. ఎక్కితే ఆ భయం, ఎక్కకుంటే ఇదిగో చూడండి, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటోంది అనే మాట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఖదీజమ్మ కొడుకు నూర్ అహ్మద్ సంతల్లో బట్టలమ్ముతాడు. మంచివాడే, కాకపోతే నలుగురి నోటికి జడుస్తాడు. మొన్న వచ్చి కాళ్ల దగ్గర చూస్తూ చెప్పాడు. "పిన్నమ్మా, మా అమ్మ నిన్నే అడుగుతాంది. కానీ నిన్ను పిలిస్తే జనాజా మొయ్యను సగం వీధి రాదంట. ఎక్కి దిగు పిన్నమ్మా. దిగితే ఇంగ ఎవడూ నోరెత్తడు."

అడ్డం, నిలువు లెక్క చూసుకోకుండా ఖమర్‌బీ ఒప్పుకుంది. ఖదీజమ్మ కోసం.

నూర్ అహ్మదే బండి తోలాడు. ముందువైపు సకీనా, ఆమె తండ్రి గఫూర్ సాయబు కూర్చున్నారు. వెనకవైపు ఖమర్‌బీ ఎక్కగానే కాడి పైకి లేచింది, ఎద్దులు మెడలెత్తి దిక్కులు చూశాయి. "ముందుకు జరుగు పిన్నమ్మా" అన్నాడు నూర్ అహ్మద్. వేరే రోజైతే తనే పగలబడి నవ్వేది. పెన్నలో నీళ్లెక్కడివి, అంతా ఇసకే. చక్రాలు కూరుకుపోతుంటే ఎద్దులను అదిలిస్తూ దాటించాడు. గఫూర్ సాయబు బక్కచిక్కిన మనిషి, భార్య పోయాక మరీ ఎండిపోయాడు. పోయినామె మొగుడు కాబట్టి ప్రమాణం ఆయన ఎదుటే జరగాలని సకీనా పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆయన టోపీని ఊరికే సర్దుకుంటూ, ఖమర్‌బీ వైపు చూడకుండా ఎద్దుల తోకల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాయనా, నీళ్లు తాగుతావా?" అని సకీనా అడిగితే తల అడ్డంగా ఊపాడు.

దగ్గరికొచ్చే కొద్దీ బురుజు పెద్దదైంది. వాకిలి మాత్రం గూడంత ఉంది. ఖమర్‌బీ కొంగు నడుముకు చుట్టి దోపుకుంది.

"చెప్పినావు కదా, చెయ్యలేదని. పో మరి" అంది సకీనా.

"పోతాండా. నువ్వేం తొయ్యబన్లేదు" అంది ఖమర్‌బీ, వంగి లోపలికి దూరుతూ.

లోపల గబ్బిలాల కంపు. మెట్లు అరిగి నున్నబడ్డాయి. గోడ తడుముకుంటూ ఎక్కింది. వెలుతురు సన్నగిల్లి, ఆపైన అసలే లేకుండా పోయింది. కొంత దూరం బాగానే సాగింది. ఇంతేనా, దీనికా ఏడాది భయపడింది అనుకుంటుండగానే రెండు పక్కల నుంచీ రాయి తగిలింది. ఒళ్లు పక్కకు తిప్పుకుని ఇంకో మెట్టు ఎక్కింది. రొమ్ము ముందు గోడకు, వీపు వెనక గోడకు. ఇంకో అడుగు తోసింది. అంతే, ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

"యా అల్లా!" అంది.

ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు. చెమటలు కారాయి. నిజంగానే బురుజు తనను పట్టేసిందేమో అని కూడా అనిపించింది ఒక క్షణం. ఏం తప్పు చేసినా తండ్రీ, ఎవరి సొమ్ము ముట్టినా? మిల్లులో గుప్పెడు గింజలు నోట్లో వేసుకున్నందుకా? అది అందరూ చేసేదే కదా! గోడ గోళ్లతో గీకింది. పెద్దగా ఊపిరి పీల్చి తోసింది. పీల్చిన కొద్దీ ఛాతీ ఉబ్బి ఇంకా బిగుసుకుంది. బయట అందరూ చూస్తుంటారు, పైన ముఖం కనపడదు, కథ అయిపోతుంది. ఖదీజక్కను ముద్దనూరు ఆమె కడుగుతుంది. ఆమెకు నీళ్ల వేడి కూడా చూడడం రాదు, పొగలు కక్కే నీళ్లు పోస్తుంది. ఆ తలపు రాగానే ఖమర్‌బీకి భయం పోయి కోపం వచ్చింది.

ఇరుకు గదుల్లో, గోడకు ఆనించి ఉన్న మంచాల మీది నుంచి ఎంతమందిని తిప్పి తీయలేదు తను! చచ్చినోళ్లను ఎంత సందులోంచైనా తీయొచ్చు, ఊపిరి ఉండదు గనక. సరే, తనకూ ఊపిరి లేదనుకుంటే పోలా? లోపలున్న గాలంతా వదిలేసింది. ఛాతీ కాస్త దిగింది. ముందు భుజం తిప్పింది. తర్వాత తుంటి. రాయి వీపు తోలు గీరుకుపోయింది, రవిక పర్రున చిరిగింది. ఆఖరున కాలు. కళ్లు చీకట్లు కమ్మేవేళకు ఒళ్లు అవతల పడింది. మోకాళ్ల మీద కూలబడి గాలి పీల్చుకుంది. ఎంత గాలి! ఇంత గాలి ఉందా లోకంలో!

మిగతా మెట్లు పాక్కుంటూ ఎక్కింది. పైన ఎండ కళ్లలో కొట్టింది. దూరాన పెన్న ఇసక తెల్లగా, దాని అవతల జమ్మలమడుగు మసగ్గా కనిపించింది. రాతి అంచు దగ్గరికొచ్చి, రెండు చేతులూ ఎత్తి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నేను, అలీ అహ్మద్ పెండ్లాం ఖమర్‌బీని! హలీమాబీ పుడక నేను ముట్టల్యా! ముట్టింటే నా చేతులు పడిపోనీ!"

కింద ఎవరూ తలెత్తలేదు.

ముగ్గురూ బండి పక్కన ఒకచోట గుమిగూడి ఉన్నారు. గఫూర్ సాయబు నేల మీద కూలబడి ఉన్నాడు, టోపీ లేకుండా. సకీనా చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఖమర్‌బీకి ఒళ్లు మండిపోయింది. వీపు తోలు ఒలుచుకుని ఎక్కొస్తే చూసేదిక్కు లేదా!

"ఓయ్! పైకి చూడండబ్బా! నేను అరస్తాండేది మీకోసమే!"

నూర్ అహ్మద్ తలెత్తి చూసి, రెండు చేతులూ ఊపాడు. "దిగిరా పిన్నమ్మా! నువ్వేం చెప్పబన్లేదు! దిగిరా!"

దిగిరా అంటాడు, ఏదో పందిరి మంచం దిగినట్టు. మళ్లీ అదే గొంతులోంచి కదా దిగాల్సింది! తిట్టుకుంటూనే దిగింది. ఈసారి ఊపిరి ముందే వదిలింది. వాకిట్లోంచి వంగి బయటికి వచ్చేసరికి గఫూర్ సాయబు అరచేతిలో ఎర్రరాయి పుడక ఉంది.

"ఇదేంది?" అంది ఖమర్‌బీ.

"నువ్వు శానాసేపు పైకి రాలేదు" అన్నాడు నూర్ అహ్మద్. "పట్టేసింది, బురుజు పట్టేసింది అని సకీనా అరిసింది. ఆ మాటకు గఫూర్ మామ టోపీ తీసి, మడతలోంచి ఇది తీసినాడు."

గఫూర్ సాయబు తలెత్తలేదు. ఒక్కో మాటా నేలకు చెప్పుకున్నాడు.

"ఆమె పోయినప్పుడు గదిలో నేనొక్కన్నే ఉన్న్యా ఖమరూ. బయట పెద్దోళ్లు చెప్తాండారు, ఇంగ ముట్టుకోగూడదు, ఊపిరి పోయినాక మొగుడు పరాయోడే అని. అప్పటికే నేను ముఖం పట్టుకుని ఉన్న్యా. పుడక చేతికి తగిలింది, తీసుకున్యా. తర్వాత భయమాయ. పరాయోడు ముట్టుకున్యాడని ఆ పాపం ఆమెకు రాస్తారేమో అని. అల్లా కాడ లెక్క చెప్పుకోవాల్సింది ఆమె కదా. నీ పేరు పోతాందని తెలుసు. చూస్తానే ఉన్న్యా. నోరు రాల్యా."

ఖమర్‌బీ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. చిరిగిన రవిక, గీరుకుపోయిన చేతులు, నెత్తిన గబ్బిలాల దుమ్ము. ఏడాదిపాటు మింగినదంతా ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది.

"ఒక్క మాట చెప్పల్యా కదన్నా, ఒక్క మాట! నా పక్కన సద్దిమూట పెట్టను జంకినారు ఆడోళ్లు. ఆ కాన్పు పిల్ల మాడు సరిగా తుడిచినారో లేదో అని ఈపొద్దుకూ నాకు నిద్ర రాదు. నువ్వు టోపీలో పెట్టుకుని నమాజుకు పోతాంటివా?"

"పోతాంటి" అన్నాడు ముసలాయన. అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ ఏడుపు చూస్తే ఖమర్‌బీకి ఇంకేం తిట్టాలో తోచలేదు. చేతకాని మనిషి. పెళ్లాం ముఖం పట్టుకుని దొంగయ్యానని ఏడాది వణికిన మనిషి. ఆయన ముందు చతికిలబడింది.

"ఇటు చూడన్నా. ఆ పొద్దు నేను కడిగేటప్పుడు ముక్కు తడిమినా. పట్టేసిన పుడక తీస్తే గీర పడాల, నెత్తురు చార ఉండాల. ఏం లేదు. తీసినోళ్లు ఎవరో గానీ శానా మెత్తగా తీసినారే అనుకున్యా. పరాయోడు అట్ల తీయడులే."

గఫూర్ సాయబు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. పుడక కూతురి వైపు చాపాడు. సకీనా తీసుకోలేదు. తండ్రి వేళ్లను తనే మూసింది. తర్వాత బండిలోంచి నీళ్ల చెంబు తెచ్చి, ఏమీ అనకుండా ఖమర్‌బీ వెనక కూర్చుని, కొంగు తడిపి వీపు మీది నెత్తురు తుడిచింది.

"అత్తా, నా నోరు పడిపోను..."

"పడిపోతే రేపు మిల్లులో నా తరఫున ఎవరు చెప్తారు? గమ్మున తుడువు. మంటగా ఉండాది."

అలా అని ఖమర్‌బీ కళ్లు మూసుకుంది. ఒకరి వీపు తుడవడమే గానీ, ఒకరి చేత తుడిపించుకోవడం అత్త పోయాక ఇదే మొదలు. ఏడాదిగా రొమ్ము మీద కూర్చున్న బండ దిగింది. ఇంటికి పోయేదారిలో నూర్ అహ్మద్ ఎద్దులతో ఏదో వేళాకోళమాడితే ముందు నవ్వింది ఆమే. ఇసకలో దిగి నడుస్తానంటే కూడా సకీనా దిగనివ్వలేదు.

వీధి మలుపు తిరగగానే సకీనా బండి మీద లేచి నిలబడింది. వాకిళ్లలో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడేలా, తన తండ్రి పేరుతో సహా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరి ముఖాలు ఎలా మారాయో ఖమర్‌బీ చూడలేదు. బండి ఆగకముందే దిగి ఖదీజమ్మ గదిలోకి పోయింది.

ఖదీజమ్మకు అప్పటికే మాట పడిపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఖమర్‌బీ మంచం పట్టె మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"దిగినా అక్కా."

ఖదీజమ్మ కళ్లు చిరిగిన రవిక మీదికి పోయాయి, గీరుకుపోయిన భుజం మీద ఆగాయి. పెదవుల చివర కదిలింది. ఎగతాళే, సందేహం లేదు. ఆ చెయ్యి ఖమర్‌బీ చేతిలో అలాగే ఉండగా, సాయంత్రపు అసర్ నమాజుకు పిలుపు వినపడేవేళకు, పీల్చిన ఊపిరి మళ్లీ బయటికి రాలేదు. కొడుకు, కోడలు పక్కనే ఉన్నారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. నూర్ అహ్మద్ లేచి, కళ్లు తుడుచుకుని, "పిన్నమ్మా, నీళ్లు పెట్టించాల్నా?" అన్నాడు.

"రేగాకు లేతది కోసుకరాపో" అంది ఖమర్‌బీ.

సకీనా పొయ్యి ఊదింది. వీధి ఆడవాళ్లు పిలవకుండానే వచ్చి బిందెలు మోశారు. ఖమర్‌బీ మోచేతి మీద పోసుకుని నీళ్ల వేడి చూసింది. గుడ్డ కింద చెయ్యి పోనిచ్చి, కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత, తొందర లేకుండా కడిగింది. భుజం, తుంటి, కాలు. లోలోపల మాట్లాడుతూనే ఉంది. నీ ఒళ్లు పుల్ల మాదిరి ఉండాది కదక్కా, నువ్వయితే ఆ గొంతులోంచి ఎగురుకుంటా పోతాంటివి. మనసులో దుఃఖం ఉంది, దాని పక్కనే కుదురూ ఉంది. ఇచ్చిన మాట నిలిచింది. తెల్లటి గుడ్డలో ముఖం తెరిచి ఉంచినప్పుడు, తలుపు దగ్గర నిలబడ్డ ఆమె ఎవరో "నిద్రపోతాండట్లే ఉండాదమ్మా" అంది.

పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు ముందే జనాజా కదిలింది. వీధి వీధంతా వెంట పోయింది. గఫూర్ సాయబు కూడా ఒక భుజం పట్టాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక ఖమర్‌బీ పలక కడిగి, గోడకు చేరేసి, గడప మీద కూలబడింది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది. కోడలు లోపలికి పోయి, మూత పెట్టిన సత్తుగిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నువ్వు బండెక్కినాక అత్తకు సంగటి తినిపించబోతి. సగమే చాలు, మిగతాది మూత పెట్టు, ఖమరు దిగొచ్చినాక శానా ఆకలైతాది దానికి అనింది. అదే ఆమె ఆఖరు మాట."

గిన్నెలో సగం తుంచిన రాగిముద్ద పైన ఆరి, అంచులు బీటలిచ్చి ఉంది. దాని నడుమ వేలితో నొక్కిన గుంతలో కాస్తంత ఊరుబిండి పచ్చడి.